క్రిస్మస్ భోజనానికి పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ తీసుకెళ్లాలి: ఏం కొనాలి, ఎప్పుడు కాల్చాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కోవెంట్రీలో మీ మేనేజర్ క్రిస్మస్ మధ్యాహ్నం భోజనానికి మీ దంపతులను పిలిచారు. మొత్తం 12 మంది. టర్కీ, బంగాళాదుంపలు, గ్రేవీ వాళ్లు చూసుకుంటారు, పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ (బేకన్ అనే ఉప్పు పట్టించిన పంది మాంసపు పలచటి ముక్క చుట్టి కాల్చిన చిన్న సాసేజ్‌లు) మాత్రం మిమ్మల్ని తెమ్మన్నారు. మీరు ఎప్పుడూ చేయలేదు, మీ ఆవిడ పంది మాంసం ముట్టరు. ముందురోజే చేసేసి పట్టుకెళ్లొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. చిపొలాటా అనే సన్న సాసేజ్‌లు 36, స్ట్రీకీ బేకన్ 18 ముక్కలు కొనండి. 24 సాయంత్రం చుట్టి పచ్చివిగానే ఫ్రిజ్‌లో పెట్టండి. 25న ఐస్ ప్యాక్ వేసిన కూల్ బ్యాగ్‌లో తీసుకెళ్లి, టర్కీ అవెన్‌లోంచి బయటికి వచ్చాక వాళ్లింట్లోనే 200 డిగ్రీల సెల్సియస్‌లో (ఫ్యాన్ అవెన్ అయితే 180, గ్యాస్ అయితే మార్క్ 6) 25 నుంచి 30 నిమిషాలు కాల్చండి. ఇంట్లో కాల్చి పట్టుకెళ్లడం కూడా కుదురుతుంది కానీ అది రెండో దారి. ఎందుకో కింద చెప్తాను.

నేను యార్క్‌షైర్‌లో ఒక పబ్ కిచెన్‌లో చెఫ్‌ని. డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ మెనూ మొదలు, రోజూ ట్రేలకు ట్రేలు ఇవే చుడుతూ ఉంటాం. ఈ వంటలో నైపుణ్యం అంటూ పెద్దగా ఏమీ లేదు. చెడేదల్లా రెండు చోట్ల: సరైన బేకన్ కొనకపోవడం, అవెన్‌లో వంతు దొరక్కపోవడం. అందుకే ఈ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందుగా ఒక జాగ్రత్త. యూట్యూబ్‌లో ఈ పేరుతో వెతికితే సగం వీడియోలు అమెరికావి వస్తాయి. అక్కడ ఇదే పేరుతో సాసేజ్‌ను పిండి రొట్టెలో చుట్టి బేక్ చేస్తారు. అది పార్టీ స్నాక్. మీ మేనేజర్ అడిగింది అది కాదు. బ్రిటన్‌లో సాసేజ్ చుట్టూ ఉండేది బేకనే, అది టర్కీ పక్కన పళ్లెంలో వెళ్తుంది. స్కాట్లండ్‌లో దీన్నే కిల్టెడ్ సాసేజెస్ అంటారు, అక్కడి చెఫ్‌ల వీడియోలు చూసినా పర్వాలేదు.

ఏ బేకన్ కొనాలి

స్ట్రీకీ అని ప్యాకెట్ మీద రాసి ఉండాలి. సూపర్ మార్కెట్‌లో ఎక్కువగా కనిపించేది బ్యాక్ బేకన్. అది పంది నడుము వైపు మాంసం, వెడల్పుగా ఉంటుంది, కొవ్వు ఒక అంచునే ఉంటుంది. పొద్దున శాండ్‌విచ్‌కి బాగుంటుంది, చుట్టడానికి పనికిరాదు. సాసేజ్ లోపల ఉడికేలోపు దాని ఎర్ర భాగం ఎండి తోలులా సాగుతుంది. స్ట్రీకీ పొట్ట భాగం నుంచి వస్తుంది. మాంసం, కొవ్వు చారలు చారలుగా ఉంటాయి. ఆ కొవ్వు కరుగుతూ బేకన్‌ని తనలోనే వేయిస్తుంది, లోపలి సాసేజ్‌ని కూడా తడిగా ఉంచుతుంది. మాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం ఒకసారి ఎక్కువ మాంసం ఉంది కదా అని బ్యాక్ బేకన్ తెచ్చారు. చుట్టిందల్లా అవెన్‌లో విప్పుకుని సాసేజ్‌లు ఒకవైపు, బేకన్ ఒకవైపు అయ్యాయి. రుచికి లోటు లేదు గానీ పిల్లలు దాన్ని ఆ పేరుతో ఒప్పుకోలేదు.

పలచగా కోసినదే తీసుకోండి. మందంగా కోసిన ఖరీదైన బేకన్ ఈ పనికి వద్దు. దొరికితే డ్రై క్యూర్డ్ (నీళ్లు ఎక్కించకుండా పొడి ఉప్పు పట్టించినది) అని ఉన్నది చూడండి. చవక బేకన్‌లో చాలావాటికి ఉప్పునీరు ఎక్కిస్తారు. వేడి తగలగానే అది తెల్లటి నురుగులా బయటికి వచ్చి ట్రేలో చేరుతుంది, బేకన్ వేగాల్సింది పోయి ఉడుకుతుంది. అలాంటిదే దొరికితే చుట్టే ముందు కిచెన్ పేపర్‌తో అద్దండి, చాలావరకు నయం.

స్మోక్‌డ్, అన్‌స్మోక్‌డ్ రెండూ ఉంటాయి. నేనైతే స్మోక్‌డ్ తీసుకుంటాను. టర్కీ చప్పటి మాంసం, పక్కన ఆ పొగ వాసన ఉంటేనే పళ్లేనికి ప్రాణం. ఇంటివాళ్లలో పెద్దవాళ్లు ఉప్పు తగ్గించుకున్నవాళ్లైతే అన్‌స్మోక్‌డ్ రుచి కొంచెం తేలిగ్గా అనిపిస్తుంది. ఏదైనా సరే, మీరు చిటికెడు ఉప్పు కూడా వేయకండి. బేకన్‌లో ఉంది, సాసేజ్‌లో ఉంది, గ్రేవీలో ఉంది.

సాసేజ్

మామూలు సాసేజ్ లావుగా ఉంటుంది, అది ఉడికేసరికి బేకన్ మాడుతుంది. చిపొలాటా సుమారుగా అందులో సగం బరువు. కాక్‌టెయిల్ సాసేజ్ ఇంకా చిన్నది, చేత్తో తినే పార్టీలకు బాగుంటుంది. మాంసం ఎంత శాతమో ప్యాకెట్ మీద ఉంటుంది. ఇక్కడి నిబంధనల ప్రకారం పోర్క్ సాసేజ్ అని పేరు పెట్టాలంటే కనీసం 42 శాతం పంది మాంసం ఉండాలి, మిగతాది రస్క్ పొడి, నీళ్లు, మసాలా. 42 దగ్గర ఉన్నవి మెత్తగా, పిండిలా ఉంటాయి. అలాగని 97 శాతం వాటి వెంట పడొద్దు. కొంచెం రస్క్ ఉంటేనే కరిగిన కొవ్వుని పట్టుకుంటుంది, లేకపోతే గట్టిపడతాయి. 75 నుంచి 85 మధ్య ఉన్నవి నాకు నచ్చుతాయి. సేజ్ ఆకు వాసన కావాలంటే లింకన్‌షైర్ రకం, మన నాలుకకు మిరియాల ఘాటు కావాలంటే కంబర్లండ్ రకం.

ఒక విషయం ఇక్కడి వంట వీడియోల్లో ఎవరూ చెప్పరు గానీ మనవాళ్లకు అవసరం. మీరు బీఫ్ తినకపోతే సాసేజ్ పైపొర దేనితో చేశారో చూడండి. పోర్క్ సాసేజ్ అని రాసి ఉన్నా చాలా సూపర్ మార్కెట్ రకాల పైపొర బీఫ్ కొలాజెన్‌తో చేసినది. పదార్థాల జాబితా చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. గొర్రె పేగుతో చేసినవి కావాలంటే బుచర్ షాప్‌లో అడగండి, చిపొలాటాకు వాళ్లు సాధారణంగా అదే వాడతారు.

లెక్క విషయం. తలకు 3 చొప్పున 36. మా పబ్‌లో పళ్లేనికి 2 పెడతాం, కానీ అది వ్యాపారం. ఇంట్లో ట్రే టేబుల్ దాకా రాకముందే వంటింట్లో నిలబడి నాలుగైదు మాయం చేసేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. చిపొలాటాలు మామూలుగా 12 చొప్పున ప్యాక్‌లో వస్తాయి, కాబట్టి 3 ప్యాకులు. బేకన్ ఒక్కో ముక్క సగం చేస్తే రెండింటికి సరిపోతుంది. ప్యాక్‌లో ఎన్ని ఉన్నాయో చూసి 18 దాటేలా తీసుకోండి, ఒకటి రెండు చిరుగుతాయి. యూజ్ బై తేదీ 26 లేదా ఆ తర్వాత ఉండాలి. 25న ఏదో తక్కువైందని బయల్దేరితే దొరకదు. 2004 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో 280 చదరపు మీటర్లు దాటిన దుకాణాలు క్రిస్మస్ రోజు తెరవకూడదు.

ఈ చిన్న వంటకం మీద ఇక్కడివాళ్లకు ఎంత పట్టింపో చెప్పడానికి ఒక సంగతి. 2021 శరదృతువులో మాంసం కోసే పనివాళ్లు చాలక ఆ ఏడు పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ దొరకవేమోనని పేపర్లలో గోల గోల అయింది. చివరికి ప్రభుత్వం విదేశాల నుంచి 800 మంది పంది మాంసం బుచర్లకు తాత్కాలిక వీసాలు ఇస్తామని ప్రకటించింది. కాబట్టి మిమ్మల్ని తెమ్మన్నది ఏదో తేలిక పని అప్పజెప్పాలని కాదు, నమ్మకంతోనే అనుకోండి. అలాగని టెన్షన్ అక్కర్లేదు.

చుట్టడం

చాపింగ్ బోర్డు మీద బేకన్ ముక్క పరిచి, ఒక చివర వేలితో నొక్కి పట్టి, చాకు వెనక వైపుతో రెండో చివర దాకా నెమ్మదిగా నొక్కుతూ లాగండి. ముక్క సాగి పలచబడుతుంది. ఈ పని మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. సాగదీయని బేకన్ అవెన్‌లో తనంతట తాను ముడుచుకుని ఊడిపోతుంది. సాగదీశాక అడ్డంగా రెండు ముక్కలు చేయండి. చిపొలాటా ఒక కొస దగ్గర మొదలుపెట్టి ఏటవాలుగా, అంచు మీద అంచు కొంచెం పడేలా చుట్టుకుంటూ వెళ్లండి. రెండు కొసలూ బయటికి కనిపించినా ఫర్వాలేదు, అందంగానే ఉంటుంది. అతుకు కిందికి వచ్చేలా పెడితే చాలు, టూత్‌పిక్‌లు అక్కర్లేదు. సాసేజ్‌కి ఫోర్క్‌తో గాట్లు పెట్టకండి, రసమంతా ట్రేలోకి పోతుంది.

చుట్టినవాటిని మూత ఉన్న డబ్బాలో వరసగా పేర్చి, 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో ఉన్న ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. పచ్చి మాంసం కదా, పైన పెడితే కేక్ మీదో సలాడ్ మీదో కారుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే బేకన్ సాసేజ్‌ని బాగా పట్టుకుంటుంది కూడా. ఇంకా ముందే చేసుకోవాలంటే ట్రేలో విడివిడిగా గడ్డకట్టించి, సంచిలో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, 23 రాత్రి నుంచే ఫ్రిజ్‌లోకి మార్చండి. అయితే కొన్న సాసేజ్ ఇదివరకే ఫ్రీజ్ చేసినదని ప్యాకెట్ మీద ఉంటే పచ్చిగా మళ్లీ ఫ్రీజ్ చేయొద్దు.

అవెన్ వంతు

అసలు కష్టం ఇక్కడే. క్రిస్మస్ రోజు ఇంగ్లిష్ ఇంటి వంటింట్లో అందరి కళ్లూ ఒకే అవెన్ మీద ఉంటాయి. ఉదయమంతా టర్కీ ఆక్రమించుకుంటుంది. అది ఉన్నప్పుడు మీ ట్రే కూడా దూరిస్తే రెండూ చెడతాయి. పెద్ద పక్షి నుంచి ఆవిరి వస్తూ ఉంటుంది, ఆ తడిలో బేకన్ కరకరలాడదు. పైగా టర్కీని సాధారణంగా అంతకంటే తక్కువ వేడిలో కాలుస్తారు.

మంచి వంటవాళ్లు టర్కీ తీశాక వెంటనే కోయరు. ఫాయిల్ కప్పి ముప్పావుగంట నుంచి గంట దాకా వదిలేస్తారు. రసం మాంసంలోనే సర్దుకుంటుంది, కోసేటప్పుడు బయటికి పోదు. ఆ గంటే మీది. భోజనం 2 గంటలకనుకోండి, పావు తక్కువ ఒంటిగంటకో ఒంటిగంటకో టర్కీ బయటికి వస్తుంది. అప్పుడు అవెన్ వేడి పెంచి బంగాళాదుంపలు పై అరలో పెడతారు. మీ ట్రే 1:20కి మధ్య అరలో వెళ్లాలి, 1:50కి బయటికి రావాలి. ఇంటివాళ్లను ముందే అడగండి. వంట ఇంటి ఆవిడ చేస్తున్నా ఆయన చేస్తున్నా వాళ్ల దగ్గర ఒక టైమ్ టేబుల్ ఉంటుంది, చాలామంది కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తారు. అందులో మీ పేరు ఎక్కించుకోండి.

36 ఒకే ట్రేలో ఇరికించకండి. ఒకదానికొకటి తగలకుండా వేలెడు సందు ఉండాలి, అంటే పెద్ద ట్రే లేదా రెండు. గాజుది కాకుండా లోహపు ట్రే తీసుకెళ్లండి, వాళ్ల ట్రేలన్నీ వాడకంలో ఉంటాయి. కొందరు జాలీ మీద పెట్టి కాలుస్తారు, కొవ్వు కిందికి కారిపోతుందని. నేను పెట్టను. సొంత కొవ్వులో వేగితేనే అడుగు ఎర్రబడుతుంది. మొదటి 15 నిమిషాలు కదపకండి, అతుకు గట్టిపడనివ్వండి, తర్వాత ఒక్కసారి తిప్పండి. చివరికి ట్రేలో మిగిలే కొవ్వును పారబోయకుండా గ్రేవీ చేసేవాళ్లకు ఇవ్వండి, సంతోషిస్తారు.

బేకన్ రంగు చూసి తీసేయకండి. సాసేజ్ లోపల ఉడికిందా లేదా అన్నది థర్మామీటర్‌తోనే తేలుతుంది. మధ్యలో గుచ్చితే 75 డిగ్రీలు చూపించి అక్కడ అర నిమిషం నిలవాలి, లేదా 70 డిగ్రీల్లో 2 నిమిషాలు. కోసి చూస్తే తెలియదా అంటారేమో. బేకన్‌లో వాడే నైట్రైట్ వల్ల పక్కనున్న సాసేజ్ అంచు బాగా ఉడికాక కూడా గులాబీ రంగులో ఉండిపోవచ్చు. దాన్ని చూసి కంగారుపడి మళ్లీ అవెన్‌లో పెట్టి ఎండగొట్టేవాళ్లు ఎక్కువ.

అవెన్‌లో నిజంగా చోటు లేదని తేలితే ఎయిర్ ఫ్రయర్ అక్కరకు వస్తుంది. 180 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలు, ఒక్క వరసే వేసి రెండు మూడు విడతలుగా చేయాలి. అదీ లేకపోతే ఇంట్లోనే కాల్చి తీసుకెళ్లండి. కాల్చాక గంటన్నరలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, అక్కడ బాగా వేడి అవెన్‌లో 10–15 నిమిషాలు, లోపలి దాకా పొగలు వచ్చేలా వేడి చేయాలి. తినడానికి బాగానే ఉంటాయి, కానీ బేకన్ మొదటిసారి కరకరలాడినట్టు రెండోసారి ఆడదు. మా పబ్‌లో రద్దీ రోజుల్లో ఈ పద్ధతే వాడతాం, తేడా నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను.

తేనె, మసాలా సంగతి

పైపూత కావాలంటే 2 చెంచాల తేనె, 1 చెంచా హోల్‌గ్రెయిన్ మస్టర్డ్ కలిపి చివరి 5 నిమిషాల్లో మాత్రమే రాయండి. ముందే రాస్తే తేనె మాడి చేదెక్కుతుంది, ట్రే కడగడానికి మర్నాటి బాక్సింగ్ డే సెలవు సరిపోదు.

గరం మసాలా, కారం వేయాలని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. మొత్తం 36కీ మాత్రం వేయొద్దు. క్రిస్మస్ పళ్లెంలో ప్రతి ఒక్కటీ వాళ్లకు చిన్నప్పటి నుంచి ఒకే రుచిలో గుర్తుంటుంది, మన పండక్కి పులిహోరలో ఎవరైనా చీజ్ కలిపితే మనకెలా ఉంటుందో ఆలోచించండి. ఒక 8 విడిగా తీసి, తేనెలో దంచిన మిరియాలు, చిల్లీ ఫ్లేక్స్ కలిపి రాసి, వేరే గిన్నెలో పెట్టండి. మా దగ్గర పనిచేసే యార్క్‌షైర్ కుర్రాళ్లు మొదట ఆ గిన్నెనే ఖాళీ చేస్తారు.

మీ ఆవిడ కోసం

చికెన్ చిపొలాటా, టర్కీ రాషర్స్ (బేకన్‌లా పలచగా ఉండే టర్కీ మాంసం ముక్కలు) కలిపి ఇదే పద్ధతిలో చుట్టండి. రెండు జాగ్రత్తలు. ఒకటి, కొన్ని చికెన్ సాసేజ్‌ల పైపొర పంది పేగుతో చేస్తారు, లేబుల్ చదవకుండా కొనొద్దు. హలాల్ దుకాణంలో కొంటే పంది భయం ఉండదు, బీఫ్ కొలాజెన్ మాత్రం ఉండొచ్చు. రెండు, టర్కీ రాషర్స్‌లో కొవ్వు దాదాపు ఉండదు. పైన నూనె బాగా రాయాలి, లేకపోతే కాగితంలా ఎండిపోతాయి. 20 నిమిషాలకే చూడండి, లోపల అదే 75 డిగ్రీలు రావాలి.

ఆవిడ ట్రే వేరు, పట్టకారు వేరు, వడ్డించే గిన్నె వేరు. అవెన్‌లో ఆ ట్రే పంది మాంసం ట్రే కంటే పై అరలో ఉండాలి, కొవ్వు చిట్లి పడకుండా. ఇంకో మాట, రోస్ట్ బంగాళాదుంపలు కూడా ఈ దేశంలో తరచు బాతు కొవ్వులోనో బీఫ్ డ్రిప్పింగ్‌లోనో (బీఫ్ నుంచి కరిగించిన కొవ్వు) వేయిస్తారు. స్టఫింగ్‌లో పంది కైమా ఉండొచ్చు. ట్రేలో కొవ్వు గ్రేవీకి ఇమ్మన్నాను కదా, ఆ గ్రేవీ కూడా ఆవిడకు పనికిరాదు, ఇవ్వడానికి ముందు ఆవిడకు విడిగా కొంచెం తీసి పెట్టమనండి.

చుట్టే ఓపిక లేకపోతే రెడీమేడ్ కొన్నా తప్పేమీ లేదు, డిసెంబరులో ప్రతి సూపర్ మార్కెట్‌లో ఉంటాయి. అవి వచ్చే పలచటి ఫాయిల్ ట్రేలోనే కాల్చకుండా లోహపు ట్రేలోకి మార్చితే చాలా తేడా ఉంటుంది.

మీకు కారు ఉందో లేదో రాయలేదు. 25న రైళ్లు నడవవు, బస్సులు కూడా చాలా ఊళ్లలో ఉండవు. పచ్చి మాంసం సంచితో రోడ్డు మీద టాక్సీ కోసం నిలబడే పరిస్థితి రాకుండా ముందే ఏర్పాటు చేసుకోండి. అలాగే ఇవాళే మీ మేనేజర్‌కి ఒక మెసేజ్ పెట్టి మూడు అడగండి: టర్కీ ఎన్నింటికి బయటికి వస్తుంది, అవెన్ ఫ్యాన్‌దా మామూలుదా, వచ్చేవాళ్లలో గ్లూటెన్, మస్టర్డ్ లేదా సల్ఫైట్ పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా. బ్రిటిష్ సాసేజ్‌లో రస్క్ అంటే గోధుమే, చాలావాటిలో నిల్వ కోసం సల్ఫైట్ కూడా ఉంటుంది. గ్లూటెన్ పడనివాళ్లు ఉంటే 36కీ గ్లూటెన్ ఫ్రీ చిపొలాటాలే కొనేయండి, రుచిలో పెద్ద తేడా ఉండదు, ఒక ట్రే తప్పుతుంది.